పిల్లల వేషం, పెద్దల పూచీ

అనంతగిరి గుట్టల మీద షూటింగ్ జరుగుతోందంటే వికారాబాద్‌లో అదేమీ పెద్ద వార్త కాదు. ఘాట్ రోడ్డు మలుపుల దగ్గర జనరేటర్ వ్యాన్లు, లైట్లు, పెద్ద పెద్ద గొడుగులు కనిపిస్తే బస్సులో ఉన్నవాళ్లు ఒకసారి తొంగి చూసి, ఏ హీరోదో అనుకుని, మళ్లీ తమ ముచ్చట్లలో పడిపోతారు. హైదరాబాద్ నుంచి డెబ్బై ఎనభై కిలోమీటర్లు వస్తే చాలు, అడవి, గుట్టలు, పొద్దుటిపూట మంచు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. అందుకే సినిమావాళ్లు మా వైపు ఎప్పటి నుంచో వస్తున్నారు. అయితే మా గుట్టలు తెర మీదికి ఎక్కినంత సులువుగా మా పిల్లలు ఎక్కలేదు.

బడిపిల్లలతో నాటికలు వేయించే పనిలో చాలా కాలం ఉన్నాను. వార్షికోత్సవం అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ఎవరో ఒక తల్లి పక్కకు వచ్చి అడుగుతుంది. "సార్, మా పోరడు మంచిగనే చేసిండు గద. సినిమాల చెయ్యాలంటే ఎవరిని పట్టుకోవాలె?" తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో పనిచేసే తండ్రి అడిగినా, పరిగిలో దుకాణం నడిపే తల్లి అడిగినా మాట ఇదే. పట్టుకోవాల్సిన మనిషి ఒకడు ఎక్కడో ఉన్నాడని, వాడు తెలియకపోవడం వల్లే దారి మూసుకుపోయిందని వాళ్ల బాధ.

ఈ పూట వాళ్లకే నేను జవాబు చెప్పాలనుకుంటున్నాను. ఏజెంటు లేనంత మాత్రాన పిల్లకు వేషం దొరకకుండా పోదు. కానీ ఏజెంటు లేనప్పుడు పిల్ల తరఫున నిలబడి "ఇక చాలు, మా బిడ్డ అలసిపోయింది" అనే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి మీరే కావాలి. మిగతావన్నీ నేర్చుకుంటే వచ్చేవే.

మన సినిమా పుట్టిన కొత్తలో పిల్లలను ఎట్లా తీసుకున్నారో చూడండి. 1936లో చిత్తజల్లు పుల్లయ్య గారు కలకత్తాలో 'సతీ అనసూయ' తీశారు. పాత్రలన్నీ పిల్లలవే. అనసూయ వేషం వేసిన కృష్ణవేణి నాటకాల్లో పాడుతూ ఆడుతూ ఉన్న చిన్నపిల్ల. ఆమె వెనుక ఉన్నది నాటకం ఒక్కటే. ఆ పిల్లే తర్వాత నిర్మాత అయి 1949లో 'మనదేశం' సినిమాతో ఎన్టీఆర్‌ను తెరకు పరిచయం చేసింది. 1997లో గుణశేఖర్ 'రామాయణం' తీసినప్పుడూ అంతా పిల్లలే. రాముడు జూనియర్ ఎన్టీఆర్. ఆయన ఇంటిపేరు అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని ఉదాహరణగా తీసుకోవద్దు. కానీ ఆ సినిమా నిండా కనిపించిన వానరసైన్యంలో ఎంతమంది మామూలు ఇళ్ల పిల్లలు ఉండి ఉంటారో ఆలోచించండి.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ 'వనజ'. 2006లో వచ్చిన తెలుగు సినిమా. దర్శకుడు రజనీష్ దోమలపల్లి అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో సినిమా చదువుకుంటూ, ఆ చదువులో భాగంగానే దీన్ని తీశారు. ఒక జాలరి కూతురు, కూచిపూడి నేర్చుకోవాలన్న ఆశతో జమీందారిణి ఇంట్లో పనికి కుదురుతుంది. ఆ పాత్ర చేసింది మమతా భూక్యా అనే బడిపిల్ల. అంతకుముందు నటించిన అనుభవం లేదు, నాట్యం రాదు. దాదాపు ఏడాదిపాటు ఆమెకు కూచిపూడి నేర్పించి, ఆ తర్వాతే కెమెరా ముందు నిలబెట్టారు. మిగతా పాత్రల్లో కూడా మామూలు మనుషులే ఎక్కువ. 2007లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ తొలిచిత్రం బహుమతి దానికి వచ్చింది. అమెరికాలో పేరున్న విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఆ పిల్ల నటనను మనసారా మెచ్చుకున్నారు.

ఆ సినిమా గురించి ఇంకొక సంగతి కూడా తల్లిదండ్రులకు చెప్పాలి. ఆ కథలో వనజ మీద జమీందారిణి కొడుకు అఘాయిత్యం చేస్తాడు. కథకు అది అవసరమే, దర్శకుడు దాన్ని బాధ్యతగానే చూపించాడు. కానీ అటువంటి కథలో పిల్లను నటింపజేయాలా వద్దా అనేది ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోవాల్సిన విషయం. సెట్లోకి వెళ్లాక తెలిస్తే మాట పెగలదు. కాబట్టి వేషం ఇస్తామన్న రోజునే మీ బిడ్డ కనిపించే సన్నివేశాలు ఒక్కొక్కటీ చెప్పమని అడగండి. మొత్తం కథ చెప్పకపోయినా ఫరవాలేదు, దాచుకోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. మీ బిడ్డ చేసే భాగం మాత్రం దాచడానికి వీల్లేదు. ఏడ్చే సీను ఉందా, కొట్టించుకునే సీను ఉందా, నీళ్లలో దిగాలా, రాత్రిపూట పనా, ఏ బట్టలు వేస్తారు, అన్నీ అడగండి. సిగ్గుపడకండి.

ఇప్పుడు మన ప్రాంతానికి కలిసివచ్చే మాట ఒకటి. పాతికేళ్ల కిందట తెలంగాణ యాస తెర మీద నవ్వించడానికో, రౌడీ పాత్రకో మాత్రమే వినిపించేది. 2017లో ఆ యాసతోనే 'ఫిదా' వచ్చింది. 2023లో 'బలగం' వచ్చింది, సిరిసిల్ల వైపు పల్లెలో తీశారు. ఊరి మాటను ఊరివాళ్లు మాట్లాడినట్టే మాట్లాడే మనుషులు ఇప్పుడు కావాలి. విశాఖలోని కంచరపాలెంలో 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' తీసినప్పుడు అక్కడి జనమే ఎక్కువగా నటించారు. తాండూరు పిల్లల మాటలో తెలుగుతోపాటు ఉర్దూ ఉంటుంది. సేడం, చించోళి దగ్గరే కాబట్టి కన్నడమూ తగులుతుంది. ఏ కోచింగూ ఆ మాట తీరును నేర్పలేదు. ఆడిషన్ అనగానే పిల్లల చేత పట్నపు తెలుగు పలికించే తల్లిదండ్రులను చూస్తే నాకు దిగులేస్తుంది. బిడ్డ ఇంట్లో ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే మాట్లాడనివ్వండి. వేరే యాస కావాలంటే దర్శకుడే చెప్తాడు.

ఇక తయారీ. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. నిమిషం, నిమిషమున్నర వీడియో ఒకటి తీయండి. పిల్ల కెమెరా వంక చూస్తూ పేరు, వయసు, ఎత్తు, ఏ భాషలు వచ్చో చెప్పాలి. తర్వాత పక్కకు తిరిగి రెండువైపులా ముఖం చూపించాలి. ఆ తర్వాత ఒక చిన్న ముచ్చట. సినిమా డైలాగు వద్దు. ఆ డైలాగు చెప్పిన హీరో మొహమే చూసేవాళ్ల మనసులో మెదులుతుంది, మీ బిడ్డ కనిపించదు. నానమ్మతో గొడవపడ్డ సంగతి, కందిచేనులో పాము కనిపించిన సంగతి, బడిలో దెబ్బలు తప్పించుకున్న సంగతి చెప్పించండి. పొద్దున వెలుతురులో, కిటికీకి ఎదురుగా నిలబెట్టండి. మేకప్ వద్దు, పెళ్లి బట్టలు వద్దు. మిక్సీ, టీవీ చప్పుళ్లు లేకుండా చూడండి. వీడియోలో ఇంటి అడ్రసు, బడి పేరు, యూనిఫాం మీద బ్యాడ్జి కనిపించకుండా చూడండి. ఆ వీడియో ఎవరెవరి ఫోన్లకు వెళ్తుందో మీకు తెలియదు. అందులో ఇచ్చే నంబరు మీది కావాలి, పిల్లది కాదు.

నటన ఎక్కడ నేర్పించాలని అడుగుతారు. మైకు ముందు కూర్చున్నాను కాబట్టి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలను తలచుకోకుండా ముందుకు పోలేను. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు. మొదట మద్రాసులో, తర్వాత హైదరాబాద్‌లో పిల్లల కోసం రేడియో కార్యక్రమాలు నడిపారు. బాలానందం అంటే ఇప్పటికీ పెద్దవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. వాళ్లు పిల్లలకు గొంతు విప్పడం నేర్పారు, పదిమందిలో బెదరకుండా ఉండడం నేర్పారు, పక్కవాడు మాట్లాడుతుంటే వినడం నేర్పారు. కెమెరా ముందు కూడా ఆ చివరిదే అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది. తన డైలాగు వచ్చేదాకా ఎదురుచూసే పిల్లకూ, ఎదుటివాడి మాట విని ముఖం మారే పిల్లకూ ఎంతో తేడా ఉంది. దీనికి వేలకు వేలు ఫీజులు అక్కర్లేదు. రాత్రిపూట ఇంట్లో కథ చెప్పించుకోండి. ఊళ్లో భజన ఉంటే, యక్షగానం ఉంటే పంపండి. బడిలో నాటికకు మాస్టారు లేకపోతే మీరే అడిగి వేయించండి. తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా చదివే పిల్లలకు కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి 'కళా ఉత్సవ్' పోటీలు పెడుతోంది. సర్కారు బడి పిల్లలకూ అందులో చోటుంది. హెడ్మాస్టరును అడగండి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో పిల్లలకు కళలు నేర్పే జవహర్ బాలభవన్ కూడా ఉంది.

అవకాశాలు ఎక్కడ తెలుస్తాయంటే, ఈ కాలంలో నిర్మాణ సంస్థలు తమ ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీల్లో ప్రకటనలు వేస్తున్నాయి. ఇంత వయసు పిల్లలు కావాలి, ఈ మెయిల్‌కు వీడియో పంపండి అని. కొన్ని సినిమాలకు కాస్టింగ్ డైరెక్టర్ ఉంటారు, చాలా సినిమాలకు కో డైరెక్టర్లూ అసిస్టెంట్ డైరెక్టర్లే పిల్లలను వెతుకుతారు. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు రేపటి అసిస్టెంట్ డైరెక్టర్లు. తాండూరులో, వికారాబాద్‌లో ఎవరైనా అటువంటి కుర్రాళ్లు ఉంటే మీ సమక్షంలో పిల్లను నటించనివ్వండి. పిల్లను వెంటేసుకుని హైదరాబాద్ కృష్ణానగర్ వీధుల్లో సినిమా ఆఫీసు ఆఫీసుకూ తిరగడం మాత్రం వద్దని చేతులు జోడించి చెప్తున్నాను. పిల్లకు కాళ్ల నొప్పులు తప్ప అందులో ఏమీ లేదు. ఆడిషన్‌కు రమ్మని పిలుపొస్తే తాండూరులో రైలెక్కి బేగంపేటలో దిగితే, అక్కడి నుంచి మెట్రోలో యూసుఫ్‌గూడ చేరుకోవచ్చు. పగటిపూట సమయమే అడగండి, మళ్లీ రైలు అందేట్టు.

డబ్బు అడిగేవాళ్ల గురించి. రిజిస్ట్రేషన్ అంటారు, ఫొటోషూట్ అంటారు, కార్డు చేయించాలంటారు, హీరో గారి చిన్నప్పటి వేషం మీ వాడికే ఖాయమైంది, అడ్వాన్సుగా కొంచెం కట్టమంటారు. వేషం ఇచ్చేవాళ్లు నటులకు డబ్బు ఇస్తారు. నటుల దగ్గర తీసుకునేవాళ్లకు సినిమా ఉండదు. ఎంత చిన్న మొత్తమైనా అక్కడితో మాట తెంచేయండి. బ్యానర్ పేరు, సినిమా పేరు అడగండి. నిర్మాతలు వాటిని ఫిల్మ్ చాంబర్‌లో నమోదు చేసుకుంటారు, నిజంగా సినిమా తీసేవాళ్లు చెప్పడానికి నసగరు. హోటల్ గదిలో ఆడిషన్ అన్నా, పిల్ల ఒక్కతే లోపలికి రావాలన్నా, ఫలానా ఫొటోలు రహస్యంగా పంపమన్నా వెనక్కి తిరగండి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. పిల్లలకు ఏ కీడు తలపెట్టినా 1098 ఉంది.

చట్టం దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను, వీలైతే రాసుకోండి. బాలకార్మిక నిషేధ చట్టం 1986లో వచ్చింది, 2016లో దాన్ని సవరించారు. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. సినిమాలు, సీరియళ్లు, ప్రకటనల్లో నటించడానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు, అదీ చదువు దెబ్బతినకుండా. 2017లో వచ్చిన నిబంధనల్లో వివరాలున్నాయి. పిల్లలు రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించకూడదు. వరుసగా 27 రోజులకు మించకూడదు. షూటింగ్ ఏ జిల్లాలో జరిగితే ఆ జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి నిర్మాత ముందుగా తీసుకోవాలి. అంటే అనంతగిరిలో షూటింగ్ అయితే వికారాబాద్ కలెక్టర్ దగ్గర. పిల్లల పేర్ల జాబితా, తల్లిదండ్రుల అంగీకారం, పిల్లల భద్రతకు పూచీపడే మనిషి పేరు, అన్నీ ఆ కాగితాల్లో ఉండాలి. ఐదుగురు పిల్లలకు ఒకరి చొప్పున అటువంటి మనిషి ఉండాలి. నిర్మాత రాసిచ్చే ఆ హామీపత్రం ఆరు నెలలే చెల్లుతుంది. పాఠాలు పోకుండా చదువు ఏర్పాటు కూడా నిర్మాతే చూడాలి.

ఇవన్నీ నిర్మాత చేయాల్సిన పనులు, మీవి కావు. కానీ అడిగే హక్కు మీది. "సార్, కలెక్టర్ పర్మిషన్ కాపీ ఒకసారి చూపిస్తరా?" అని నెమ్మదిగా అడగండి. ఆ ఒక్క మాటతో మీరు ఎవరో వాళ్లకు అర్థమవుతుంది. అడిగితే వేషం పోతుందేమోనని చాలామంది నోరు మూసుకుంటారు. ఆ మాట అడిగినందుకు పోయే వేషం ఉంటే పోనివ్వండి. ఆ మాటకే వేషం తీసేసే మనిషి ఐదు గంటలు దాటినా మీ బిడ్డను ఇంటికి పంపడు.

ఆరు నెలలన్నానే, దాని గురించి ఒక పాత ముచ్చట. 1963లో వచ్చిన 'లవకుశ' షూటింగ్ డబ్బుల్లేక మధ్యలో ఏళ్ల తరబడి ఆగింది. మళ్లీ మొదలయ్యేసరికి లవుడు, కుశుడు వేషాలు వేస్తున్న పిల్లలు ఎదిగిపోయారు. అయినా ఆ పిల్లలే చేశారు, సినిమా చరిత్రలో నిలిచిపోయింది. పెద్ద నటుల వయసును మేకప్ దాస్తుంది. పిల్లలకు పళ్లు ఊడతాయి, గొంతు మారుతుంది, పొడుగవుతారు. అందుకే షెడ్యూల్ ఎప్పుడెప్పుడు, ఎన్ని రోజులు, మధ్యలో జుట్టు కత్తిరించుకోవచ్చా, పరీక్షల నెల వదిలేస్తారా, ఇవి కాగితం మీద రాయించుకోండి. డబ్బింగ్ ఎవరు చెప్తారో కూడా. మన పిల్ల నటించి, వేరేవాళ్ల గొంతు వినిపిస్తే తర్వాత పిల్ల చిన్నబుచ్చుకుంటుంది, ముందే చెప్పి ఉంచాలి.

షూటింగ్‌కు మీలో ఒకరు తప్పక వెళ్లాలి. రోజుకూలీ పోతుందని నాకు తెలుసు. దానికి బత్తా, ప్రయాణ ఖర్చులు మొదటే మాట్లాడుకోండి. మొహమాటం వద్దు. పిల్ల కనిపించేంత దూరంలో, కానీ కెమెరా దగ్గర దర్శకుడి పనికి అడ్డం రాకుండా కూర్చోండి. "ఇంకా బాగ చెయ్ బిడ్డా" అని మీరు పక్కనుంచి అరిస్తే పిల్ల రెండు గొంతుల మధ్య నలిగిపోతుంది. నిబంధనల్లో ఇంకో మాట ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. పిల్లకు ఇష్టం లేకుండా, ఆ పిల్ల ఒప్పుకోకుండా ఏ పనీ చేయించకూడదు. మనం ఒప్పుకున్నాం కదా అంటే కుదరదు. ఎనిమిదేళ్ల పిల్లకు సరే అనడం ఎంత సులువో వద్దనడం అంత కష్టం, ముఖ్యంగా అమ్మ కళ్లలో ఆశ కనిపిస్తున్నప్పుడు. అందుకని బయలుదేరే ముందే ఒక గుర్తు పెట్టుకోండి. పిల్ల చెవి పట్టుకుంటే చాలు, మీరు లేచి వెళ్లి దర్శకుణ్ని ఆపమంటారని మాట ఇవ్వండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి, రోజంతా వృథా అయినా సరే.

పిలుపు రాకపోతే? ఎక్కువసార్లు రాదు. ఎత్తు సరిపోలేదని, హీరోయిన్ పోలిక లేదని, వయసు ఒక ఏడాది ఎక్కువని పోతుంది. ఈ కారణాలు మీకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. బడిలో, వాడకట్టులో ముందే చాటింపు వేస్తే తర్వాత పిల్లే అందరికీ జవాబు చెప్పుకోవాలి. కాబట్టి చాటింపు వద్దు. ఆడిషన్ అయ్యాక "ఎట్ల చేసినవ్?" అని కూడా అడగకండి. ఆకలైతుందా అని అడగండి.

చివరగా డబ్బు. చార్లీ చాప్లిన్ 1921లో తీసిన 'ది కిడ్' సినిమాలో జాకీ కూగన్ అనే చిన్న పిల్లవాడు నటించాడు. లోకమంతా వాణ్ని ముద్దు చేసింది, లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక చూసుకుంటే తల్లి, మారుతండ్రి దాదాపు అంతా ఖర్చు చేసేశారు. కోర్టుకెక్కాడు. ఆ గొడవ వల్లే 1939లో కాలిఫోర్నియాలో పిల్లల సంపాదనలో కొంత భాగం విడిగా దాచాలని చట్టం వచ్చింది. మన 2017 నిబంధనల ప్రకారం పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో ఆ పిల్ల పేరిటే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మేజర్ అయ్యాక పిల్లకే అందుతుంది. పిల్ల తన ప్రతిభతో సంపాదించింది ఆదాయపు పన్ను లెక్కల్లో కూడా తల్లిదండ్రుల ఆదాయంలో కలపరు, పిల్ల సొంత ఆదాయంగానే చూస్తారు. 20 శాతం అన్నది చట్టం పెట్టిన హద్దు. ప్రయాణాలకు, తిండికి అయిన ఖర్చు మినహా మిగిలిందంతా దాచగలిగితే ఇంకా మేలు. ఇంటికి ఎంత అవసరం ఉన్నా, అప్పు తీర్చడానికి పిల్ల వేషాన్ని నమ్ముకోవద్దు. ఆ బరువు పిల్ల ముఖంలో కనిపిస్తుంది, కెమెరా దాన్ని ఇట్టే పట్టేస్తుంది.

పిల్ల ఆధార్, జనన ధ్రువీకరణ పత్రం తీసుకుని ఈ వారంలోనే తాండూరులోనో వికారాబాద్‌లోనో ఏదైనా జాతీయ బ్యాంకుకు వెళ్లి పిల్ల పేరిట ఖాతా తెరవండి. పాన్ కార్డు పిల్లల పేరిట కూడా ఇస్తారు, దానికీ దరఖాస్తు పెట్టండి. వీడియో ఆ తర్వాత తీయవచ్చు.